కథ అక్కడితో అయిపోలేదు

మాకెలేసికి ఆ సంగతి తెలిసింది శుక్రవారం సాయంత్రం, బడి వెనక గుట్ట మీద. కండవు ద్వీపంలో ఆ మూల ఫోను పలికేది ఆ గుట్ట మీదే. అదీ సముద్రం వైపున్న పెద్ద బండ పక్కన నిలబడితేనే. మంగళవారం ఆమె పాఠం చెప్పే పదమూడో తరగతి వాళ్ళకు, బళ్ళో అదే ఆఖరి తరగతి, ఇంగ్లిషు పరీక్ష. పరీక్షల ముందు లంబాసా పట్నంలో టీచరుగా ఉన్న సుభాష్నికి ఫోన్ చేసి, ఏ ప్రశ్నలు రావచ్చో మాట్లాడుకోవడం ఆమెకు ఏటా ఉన్న అలవాటే. ఇద్దరూ యూనివర్సిటీ హాస్టల్లో ఒకే గదిలో ఉండి చదువుకున్నవాళ్ళు.

"ఈసారి 'కట్టడి నీళ్ళు' కథ మీద తప్పకుండా ఇస్తారు చూడవే," అంది సుభాష్ని. "దాని చివరి పేజీ చదివినప్పుడల్లా నా క్లాసులో ఎవరో ఒకరు ముక్కు ఎగబీలుస్తారు. ఆ పెద్దపిల్లాడు కంచం తోసేస్తాడు చూడూ, అక్కడ."

"ఏ కంచం?"

"చేపల కంచమే తల్లీ."

మాకెలేసి నవ్వింది. "నువ్వు ఇంకేదో కథతో కలిపేశావు. మన కథలో కంచం ఎక్కడుంది? లితియా చేపల బుట్ట తీసుకెళ్ళి పెద్దల ముందు పెడుతుంది. ఎవరూ మాట్లాడరు. అంతే కదా."

సిగ్నల్ పోయిందేమోనని మాకెలేసి ఫోను చెవి నుంచి తీసి చూసుకుంది.

"అంతే ఏంటే?" అంది సుభాష్ని నెమ్మదిగా. "దాని తర్వాత ఇంకా రెండు పేజీలున్నాయి. నీ పుస్తకంలో లేదా?"

మాకెలేసి గుట్ట దిగిందన్న మాటే గానీ ఎలా దిగిందో ఆమెకే తెలీదు. స్టాఫ్ రూమ్ బీరువా తెరిచి పుస్తకాలన్నీ కిందకు దించింది. అవి అచ్చు పుస్తకాలు కావు, జిరాక్సు కాపీలు. రెండేళ్ళ కిందట వచ్చిన తుఫానుకి బడి కప్పు లేచిపోయి పుస్తకాలన్నీ నానిపోతే, మిగిలిన ఒక్కదాన్ని ఎండలో ఆరబెట్టి రాజధాని సువాకి పంపించి కాపీలు తీయించారు. ఆ మూల ప్రతి అడుగున దొరికింది. వెనక అట్ట లేదు. అట్టతోపాటు ఒక కాగితం కూడా ఊడిపోయిందని ఇప్పుడు చూస్తే తెలుస్తోంది, కుట్టు దగ్గర చింపిరి అంచు కనబడుతోంది. 'ఎవరూ మాట్లాడలేదు' అన్న వాక్యం సరిగ్గా పేజీ అడుగున, చుక్కతో సహా ముగిసింది. ఎవరు మాత్రం అనుమానపడతారు?

కథ ఆమెకు కంఠతా వచ్చు. పిల్లలంతా తాతా అని పిలిచే ఊరి పెద్దాయన పోయాడు. ఆచారం ప్రకారం ఆయన పేరు మీద పగడపు దిబ్బ పక్క నీళ్ళలో కొమ్మ పాతి, నూరో రాత్రి గడిచేదాకా అక్కడ ఎవరూ వల వేయకూడదని కట్టడి పెట్టారు. గాలివానకి తోటలు పోయాయి. మొగుడు దూరదేశం ఓడ మీద ఉన్నాడు. ఇంట్లో పిల్లలిద్దరూ పచ్చి బొప్పాయి కాయలు కోసుకు తింటుంటే చూడలేక లితియా దొంగతనంగా ఆ నీళ్ళలోకి దిగి చేపలు పట్టింది. దొరికిపోయింది. పట్టిన చేపల్ని బుట్టలో పెట్టుకుని తానే పెద్దల ముందుకు నడిచింది.

'ఈ కథలోని ముఖ్య సందేశం ధైర్యం. ఆచారాన్ని ఎదిరించి నిలబడిన ఒంటరి స్త్రీ గాథ ఇది.' రెండేళ్ళుగా మాకెలేసి ఈ రెండు వాక్యాలు చెప్పి రాయించింది. పిల్లలు వాటి కింద ఎర్రగీత గీసుకున్నారు. ఒక్కసారి మాత్రం వినియానా అనే అమ్మాయి, క్లాసులో నోరు విప్పడమే అరుదు, వెనక బల్ల మీంచి అడిగింది: "ధైర్యమైతే బుట్ట పట్టుకున్న ఆవిడ చేతులు ఎందుకు వణుకుతున్నాయి మేడమ్?" ఆ రోజు పాఠం వెనకబడి ఉంది. "అది పరీక్షకి అక్కర్లేదులే," అంది మాకెలేసి. ఆ అమ్మాయి తల వంచుకుని గౌను కాలరు నములుతూ కూర్చుంది.

ఇప్పుడది గుర్తొచ్చి మాకెలేసికి చెవులు వేడెక్కాయి.

శనివారం పొద్దున్నే హెడ్‌మాస్టరు విలీకేసా దగ్గరకు వెళ్ళింది. ఆయన ఇంటి వెనక కర్రపెండలం మొక్కల మధ్య గొప్పు తవ్వుతున్నాడు. వరసకి ఆమెకు మేనమామ; బళ్ళో సర్, ఇంటి దగ్గర మామయ్య. ఆమె చెప్పిందంతా విని, పలుగు నేలకు గుచ్చి దాని మీద చేతులు ఆనించాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు మామయ్యా. పిల్లలకి చెప్పాలి కదా."

"ఎందుకు చెప్పాలి?"

"చివర లేని కథ రాస్తే తప్పు కాదూ? పేపర్ దిద్దేవాళ్ళు పుస్తకం చదవలేదనుకుంటారు."

"అనుకోనీ. సగం కథ రాస్తే సగం మార్కులైనా వస్తాయి. ఈ రెండ్రోజుల్లో నువ్వు వెళ్ళి 'మీరు చదివింది తప్పు' అంటే వాళ్ళకి ఉన్నదీ పోతుంది. ఆ వినియానా సంగతి నీకు తెలీదా? హాజరు పిలిస్తేనే వణికిపోతుంది." ఆయన గొంతు తగ్గించాడు. "పిల్లల చేతిలో ఒక కర్ర పెట్టాం. దాన్ని పట్టుకుని ఏరు దాటుతున్నారు. మధ్యలో లాక్కుంటానంటే ఎలాగమ్మా?"

"ఆ కర్ర పుచ్చిపోయింది మామయ్యా."

"పుచ్చుదైనా ఒడ్డు చేరేదాకా ఆగేదే అనుకో." మళ్ళీ పలుగు అందుకున్నాడు. "పై ఆఫీసు వాళ్ళు అడిగితే రెండేళ్ళుగా ఏం చూశారంటారు. నీ ఉద్యోగం కొత్తది. నా మాట విని ఊరుకో. పరీక్ష అయ్యాక చూద్దాం."

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అదే ఆమెను మరీ కుదిపేసింది. అంతలోనే ఇంకో భయం పట్టుకుంది: నిరుటి పిల్లలో? వాళ్ళూ ఈ కథే చదివారు. సెమీసి అనే కుర్రాడు ఒక్క ఇంగ్లిషులోనే తప్పి, చదువు మానేసి తండ్రితో, వేర్లు దంచి నీళ్ళలో కలుపుకు తాగే యంగోనా తోటలో పని చేసుకుంటున్నాడు. ఆ ఏడాది స్టాఫ్ మీటింగులో "వాడు బద్ధకస్తుడు" అని ఆమే అంది.

తోట దారిలోనే ఎదురయ్యాడు సెమీసి, భుజం మీద వేర్ల గోనె, కాళ్ళ నిండా బురద. ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. అతను గోనె దించి ఆమె వైపు వింతగా చూశాడు.

"అయితే ఇప్పుడేంటి మేడమ్?"

"నీ మార్కులు నా వల్ల పోయాయేమో సెమీసీ."

అతను గట్టిగా నవ్వాడు. "నేను ఆ కథ గురించి రాయనే లేదు మేడమ్! పద్యం మీద రాశాను. అది సగం మర్చిపోయి నేనే కల్పించి రాశాను. రగ్బీ మేచ్‌లు ఉన్నాయని చదవలేదు, అంతే." గోనె మళ్ళీ ఎత్తుకుంటూ అన్నాడు, "కానీ ఇప్పుడున్నవాళ్ళకి మాత్రం చెప్పెయ్యండి. రుసీలకి తర్వాత తెలిస్తే మిమ్మల్ని బతకనివ్వదు. నా చెల్లెలు, నాకు తెలుసు."

అతను నవ్వాడు గానీ ఆమెకు నవ్వు రాలేదు. ఒకడు తప్పించుకున్నాడు. మిగిలినవాళ్ళో?

ఆ మధ్యాహ్నం మళ్ళీ గుట్టెక్కింది. సుభాష్ని పేజీలు ఫోటో తీసి పంపింది. ఫోటో నాలుగు వేళ్ళంత దిగి ఆగిపోయింది. అక్షరాలు చీమల బారుల్లా ఉన్నాయి. ద్వీపంలో అటు వైపున్న బళ్ళో వేరే కథలు పెట్టుకున్నారు. సువా నుంచి ఓడ బుధవారం గానీ రాదు. "నేను చదువుతా, మీరు వినండి," అంది సుభాష్ని. "రేపు చర్చి అయ్యాక. పిల్లల్ని అక్కడికే తీసుకురా." మాకెలేసి సరేనని చెప్పలేదు, కాదనీ అనలేదు.

ఆదివారం చర్చిలో ఒక్క మాటా ఆమె చెవికెక్కలేదు. ముందు వరసలో తెల్లబట్టలేసుకుని కూర్చున్న తన పిల్లల వీపులే చూస్తూ ఉంది. ఎపెలి, క్లాసు లీడరు, పెదాలు కదుపుతున్నాడు. అది ప్రార్థన కాదని ఆమెకు తెలుసు. ఆమె రాయించిన మాదిరి జవాబు మొత్తం కామాలతో సహా బట్టీపట్టాడు, దాన్నే నెమరేస్తున్నాడు.

భోజనాలయ్యాక, కంచాలు ఇంకా తీయకముందే, బడి హాస్టల్ భోజనాల షెడ్డులో నిలబడి చెప్పేసింది. ఎలా మొదలుపెట్టాలో ఆలోచించుకున్నదంతా ఎగిరిపోయింది. "కట్టడి నీళ్ళు కథ అక్కడితో అయిపోలేదు," అంది. "ఇంకో రెండు పేజీలున్నాయట. మన పుస్తకంలో ఊడిపోయాయి. నేను చూసుకోలేదు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

"అంటే మేము రాసుకున్నదంతా తప్పా మేడమ్?"

"ఎల్లుండే కదా పరీక్ష!"

ఎపెలి లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. "నాకు మొత్తం వచ్చేసింది మేడమ్. మూడు వారాలు చదివాను. ఇప్పుడు మార్చుకోమంటే ఎట్లా? మీరు చెప్పకుండా ఉండాల్సింది."

"హెడ్‌మాస్టరు గారూ అదే అన్నారు," అంది మాకెలేసి.

"మరెందుకు చెప్పారు?"

"నువ్వు కూర్చో బావా," అంది రుసీల. ఎపెలి వాళ్ళమ్మ, రుసీల నాన్న అన్నాచెల్లెళ్ళు. ఈ బావామరదళ్ళు ఒకర్నొకరు దెప్పుకోని పూట లేదు. "నీ చిలకపలుకులు పోయాయని ఏడుస్తున్నావు గానీ, ఆవిడకేమైందో తెలుసుకోవాలని లేదా నీకు? మేడమ్, ఏమైంది చివరికి?"

"నాకూ పూర్తిగా తెలీదు. వినడానికి ఇప్పుడు గుట్టెక్కాలి. ఇష్టం లేనివాళ్ళు రానక్కర్లేదు."

అందరూ వచ్చారు. ఎపెలి కూడా, అందరికంటే వెనకగా, కాళ్ళీడ్చుకుంటూ. వినియానా మాత్రం దారి పొడుగునా కాలరు నములుతూనే ఉంది. బండ చుట్టూ గుంపుగా కూర్చున్నారు. మాకెలేసి ఫోను స్పీకరు పెట్టి బండ మీద నిలబెట్టింది. గాలి వీస్తోంది. సుభాష్ని గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వచ్చింది. "పిల్లలూ, వినబడుతోందా? మొదలుపెడుతున్నా."

చదివింది. ఎవరూ మాట్లాడలేదు. లితియా బుట్ట పక్కన కూలబడి తల వంచింది. తప్పయిందని అడిగింది. పోయిన పెద్దాయన భార్య, ముసలావిడ, అన్నాళ్ళూ చాప మీంచి లేవనిది, లేచి వచ్చి బుట్టలోకి తొంగి చూసింది. "తీసుకుపోయి పిల్లలకి పెట్టు," అంది. పెద్దలు సరేనన్నారు. అక్కడ లైను తెగిపోయింది.

"అయ్యో!" అని రుసీల నెత్తి కొట్టుకుంది. మాకెలేసి మళ్ళీ కలిపింది. పలకలేదు. మళ్ళీ. బండ మీదికెక్కి చేయి పైకెత్తి నిలబడింది. వేళ్ళు చెమటకి జారుతున్నాయి. ఫోను కింద పడితే పగిలిపోతుంది. పగిలితే ఇక అంతే. పిల్లలందరూ మొహాలు పైకెత్తి ఆ చేతినే చూస్తున్నారు. చివరికి సుభాష్ని గొంతే పైనుంచి పలికింది: "ఎక్కడిదాకా విన్నారు?"

లితియా ఇంటికి వచ్చి చేపల్ని కొబ్బరిపాలలో ఉడికించింది. మూడు కంచాల్లో వడ్డించింది. పెద్దకొడుకు కంచం చూసి పక్కకు తోసేశాడు. "ఇవి తాత చేపలు," అన్నాడు. చిన్నవాడు అన్న మొహం చూసి తన కంచమూ తోసేశాడు. లితియా వాళ్ళను ఏమీ అనలేదు. ఆ కంచాలు తన ముందుకు లాక్కుని తినడం మొదలుపెట్టింది. పిల్లలిద్దరూ చూస్తూ కూర్చున్నారు.

"అంతే. ఇదే చివర," అంది సుభాష్ని. "ఆల్ ది బెస్ట్ పిల్లలూ." లైను మళ్ళీ పోయింది.

తర్వాత నోటు పుస్తకాలు తెరుచుకున్నాయి. పెన్నుల మూతలు ఊడాయి. ఎపెలి అడిగాడు: "ఇప్పుడు థీమ్ ఏంటి మేడమ్? చెప్పండి, రాసుకుంటాం."

మాకెలేసి కిందికి చూసింది. గుట్ట కింద పడవ రేవు, బడి కప్పు, అన్నీ ఉన్న చోటే ఉన్నాయి.

"నాకు తెలీదు ఎపెలీ," అంది. "నేనూ మీతోపాటే విన్నాను."

టీచరు నోట ఆ మాట వాళ్ళెప్పుడూ వినలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎపెలి పెన్ను మూత పెట్టేశాడు. "బాగుంది. చచ్చాం," అన్నాడు.

"ఇది ధైర్యం కథ కాదు, క్షమాపణ కథ," అంది రుసీల. "తప్పు ఒప్పుకుంది, పెద్దలు క్షమించారు."

"క్షమిస్తే అయిపోవాలి కదా! మరి కంచం గొడవేంటి?"

"నీకు తిండి తప్ప ఏదీ కనబడదు బావా."

"ఆ కథలో ఉన్నదే తిండి! నన్నంటావేంటి?"

కొందరు నవ్వారు. నవ్వడంతో కాస్త ఊపిరాడింది. ఎపెలి మోకాళ్ళ మీదికి లేచాడు. "ఆ పిల్లాడికి పొగరు. అమ్మ అంత కష్టపడి తెస్తే తోసేస్తాడా? మా ఇంట్లో అయితే వీపు విమానం మోత మోగేది."

"పొగరు కాదు, సిగ్గు. రేపు బళ్ళో అందరూ దొంగచేపలు తిన్నావంటారు."

"పెద్దలే తినమన్నారు కదా!"

"వాడికి ఆకలేస్తోంది." ఆ గొంతు ఎవరిదో ముందు ఎవరికీ తెలీలేదు. వినియానా నేలకేసి చూస్తూ మాట్లాడుతోంది. "పచ్చి బొప్పాయి తినేవాడు. పొగరుకైనా సిగ్గుకైనా అంత ఆకలి ఆగదు. వాడు తాతని... వాడికి తాత అంటే ఇష్టం. పెద్దాళ్ళు క్షమించారు గానీ వాడు క్షమించలేదు."

"మరి ఆవిడ ఎందుకు తింటుంది?" అన్నాడు ఎపెలి. ఈసారి వెక్కిరింపు లేదు.

వినియానా కాలరు నోట్లోంచి తీసింది. "వాళ్ళ కోసమే కదా దిగింది నీళ్ళలోకి. వాళ్ళు తినకపోతే పిల్లల కోసం చేశానని చెప్పుకోడానికి లేదు. అయినా తింటుంది. తప్పంతా తనదే అయిపోవాలని. ఒక్క ముక్క కూడా వాళ్ళ మీద పడకూడదని." ఆగింది. అందరూ తన వైపే చూస్తున్నారని అప్పుడు గమనించి మొహం కప్పేసుకుంది. "నాకు తెలీదు మేడమ్. తప్పేమో."

మాకెలేసి ఆ అమ్మాయికి దగ్గరగా వెళ్ళి కూర్చుంది. "తప్పో ఒప్పో నాకూ తెలీదు. కానీ నేను రాయించినదాంట్లో ఇది లేదు," అంది. పొద్దు వాలేదాకా వాళ్ళు అక్కడే కూర్చుని పోట్లాడుకున్నారు. దిగేటప్పటికి ప్రతివాడి దగ్గరా ఒక అభిప్రాయం ఉంది, ఏ ఇద్దరిదీ ఒకటి కాదు. మాకెలేసికి అది సంతోషంగానూ ఉంది, భయంగానూ ఉంది. బట్టీపట్టిన జవాబుకి ఎన్ని మార్కులొస్తాయో ఆమెకు తెలుసు. దీనికి ఎన్నొస్తాయో తెలీదు.

సోమవారం హెడ్‌మాస్టరు ఆమెతో మాట్లాడలేదు. వరండాలో ఎదురైతే తల ఆడించి వెళ్ళిపోయాడు.

మంగళవారం తన సబ్జెక్టు పరీక్ష కాబట్టి ఆమెను హాల్లోకి రానివ్వరు. వంటావిడతోపాటు షెడ్డులో కూర్చుని కొబ్బరి కోరింది. చేతికి పని లేకపోతే పిచ్చెక్కేలా ఉంది. రెండుసార్లు వేలు గీసుకుంది. "ఇక లేవమ్మా, నీ రక్తం మాకెందుకు," అని వంటావిడ కొబ్బరి కోరాము లాక్కుంది.

గంట కొట్టాక ముందుగా రుసీల పరిగెత్తుకొచ్చింది. "అదే వచ్చింది మేడమ్! 'మీరు చదివిన ఒక కథలో ముగింపు వల్ల ప్రధాన పాత్ర మీద మీ అభిప్రాయం ఎలా మారింది?' అని. ముగింపే అడిగారు!"

ముగింపు లేకుండా వీళ్ళు వెళ్ళి ఉంటే? ఆ ఆలోచన పూర్తి కాకముందే ఎపెలి వచ్చాడు.

"అలవాటుకొద్దీ పాతదే మొదలుపెట్టాను. మూడు లైన్లయ్యాక కొట్టేశాను," అన్నాడు. "ఆ పిల్లాడి గురించి రాశాను. బాగుందో లేదో తెలీదు మేడమ్. పాతదైతే తెలిసేది." ఆమె మీద ఇంకా కొంచెం కోపం ఉంది అతనికి. కానీ వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

వినియానా అందరికంటే ఆఖరున వచ్చింది. వేళ్ళకు సిరా. మొహం వెలిగిపోతోంది, ఆ అమ్మాయి అలా నవ్వడం మాకెలేసి ఎప్పుడూ చూడలేదు. "చాలా రాశాను మేడమ్. వెనక్కి వెళ్ళి అదనపు కాగితాలు అడిగి తీసుకున్నాను. ఆవిడ తినేది ఎందుకో మొత్తం రాశాను. చేతులు వణకడం దగ్గర్నుంచీ."

"మంచిది తల్లీ. మిగతా ప్రశ్నలు?"

వినియానా నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. "టైమ్ అయిపోయింది," అంది. తర్వాత మెల్లిగా, "ఇంకా ఉందనుకున్నాను," అంది.

సెలవులు ఎలా గడిచాయో మాకెలేసికే తెలుసు. క్రిస్మస్‌కి అమ్మ వాళ్ళింటికి వెళ్ళి, తిన్నది ఒంటబట్టక మూడోనాటికే తిరిగొచ్చింది. ఫలితాలు వచ్చిన రోజు హెడ్‌మాస్టరు కబురుపెట్టాడు. తన ముందున్న కుర్చీ చూపించాడు, అంటే కోపం పోయిందన్నమాట.

"నిరుటికంటే బాగా వచ్చాయి," అన్నాడు. "రుసీలకి ఈ బళ్ళో ఇంగ్లిషులో ఎవరికీ రానన్ని మార్కులు. ఎపెలి గట్టెక్కాడు, మనం అనుకున్నదానికంటే పైనే. ఇంగ్లిషు తప్పింది ఒక్కరే."

ఎవరని ఆమె అడగలేదు.

"నేను చెప్పకపోయి ఉంటే?" అంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఊరడించడానికి అబద్ధమాడే మనిషి కాదు. "ఆ పిల్ల పాసయ్యేదేమో. ఎర్రగీత గీసుకున్న రెండు వాక్యాలూ రాసేసి మిగతా ప్రశ్నలు చూసుకునేది. కానీ మిగిలినవాళ్ళలో ఎంతమంది పోయేవాళ్ళో అది కూడా నాకు తెలీదు. నేను చెప్పిందే రైటని ఇప్పుడు అనలేను."

వినియానా వాళ్ళ ఊరికి పడవ మీద వెళ్ళాలి. తప్పు ఒప్పుకోడానికి వట్టి చేతులతో వెళ్ళకూడదు కాబట్టి మాకెలేసి యంగోనా వేర్ల కట్ట ఒకటి తీసుకుంది. ఇంటి గడప లోపల చాప మీద కూర్చుని, కట్ట వినియానా తండ్రి ముందు పెట్టి, తల వంచి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఊడిన పేజీ, గుట్ట, అన్నీ. ఆయన సాంతం విని వేర్లు చేత్తో తాకాడు. "సరేనమ్మా," అన్నాడు. "దానికీ చెప్పండి. వెనక బట్టలుతుకుతోంది. ఫలితాలొచ్చిన దగ్గర్నుంచి మాతో మాట్లాడట్లేదు." ఆయన భార్య నిమ్మాకు టీ పెట్టడానికి లేచింది.

వినియానా కుళాయి దగ్గర ఉంది. మాకెలేసిని చూసి కూడా ఉతకడం ఆపలేదు.

"మీరు చెప్పకపోయి ఉంటే పాసయ్యేదాన్ని మేడమ్."

"అవును."

అవునంటుందని అనుకోలేదేమో, ఆ అమ్మాయి తల ఎత్తింది. "నేను రాసింది బాగుందా? వాళ్ళు చదివి ఉంటారా?"

"చదివే ఉంటారు. ఎంత బాగున్నా ఒక ప్రశ్నకి ఉన్న మార్కులే ఇవ్వగలరు."

"అన్యాయం."

"అన్యాయమే," అంది మాకెలేసి. తడి గట్టు మీదే కూర్చుంది. "నేను నీకు కథ గురించి ఏదో చెప్పాను గానీ, ఎప్పుడు ఆపాలో చెప్పలేదు. గడియారం చూసుకుంటూ రాయడం నేర్పలేదు. ఈ ఏడు మళ్ళీ వస్తే అది నేర్పుతాను. రోజూ సాయంత్రం, నువ్వూ నేనూ."

వినియానా చొక్కా పిండింది. నీళ్ళన్నీ కారిపోయేదాకా పిండింది.

"కొత్తగా క్లాసుకి వచ్చేవాళ్ళంతా నన్ను ఫెయిలైనదాన్నంటారు."

"అంటారు."

"పుస్తకాలు అవేనా?"

"కాదు, కొత్తవి వచ్చాయి. ఒక్కొక్కటీ చివరి పేజీ తిప్పి చూశాను."

వినియానా చొక్కా దులిపి తీగ మీద వేసింది, ఇంకోటి అందుకుంది. ఇంట్లోంచి తల్లి కేకేసింది: "టీచరమ్మా, టీ చల్లారిపోతోంది!"

"వెళ్ళండి మేడమ్," అంది వినియానా. "నాన్నని అడగాలి. ఇవి ఆరేసి వస్తాను."